మైమూన్ చెప్పిన కమలమ్మ కథ

జమ్మలమడుగులో పొద్దంతా మగ్గాల చప్పుడు వినిపించే ఒక వీధి ఉంది. ఆ వీధి చివర మైమూన్ ఇల్లు. రెండు గదులు, ముందు రేకుల వసారా, వసారాలో ఒక కుట్టుమిషను. ఎనభైల నడుమ ఆ ఇంటి మీద, చుట్టుపక్కల ఎక్కడా లేనంత ఎత్తున, ఒక ఇనుప గొట్టం లేచింది. దాని కొసన యాంటెన్నా.

మైమూన్ భర్త అబ్దుల్ సత్తార్ కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చేవాడు. ఆసారి వస్తూ ఒక కలర్ టీవీ తెచ్చాడు. బొంబాయి నుంచి ఎర్రగుంట్ల దాకా రైల్లో దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాడట. సెలవు అయిపోయే లోపల యాంటెన్నాను ఏ దిక్కుకు తిప్పితే బొమ్మ నిలుస్తుందో భార్యకు నేర్పించి, మళ్ళీ విమానం ఎక్కాడు. కొడుకులిద్దరూ ప్రొద్దుటూరులో మేనమామ కమాల్ బాషా ఇంట్లో ఉండి చదువుకుంటున్నారు. ఇంట్లో మిగిలింది మైమూన్, ఆమె అత్త చాంద్‌బీ, ఆ టీవీ.

మైమూన్ పుట్టింది పులివెందులలో, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది. తండ్రి నూరుల్లా ఇత్తడి పాత్రలకు కళాయి పూసేవాడు. పిల్లను దగ్గర్లో ఉన్న ఒంటిగది ఉర్దూ బడికి పంపాడు. అక్కడ ఖమర్‌బీ అనే టీచరమ్మ పాఠం చెప్పి, పుస్తకం మూసి, "ఇప్పుడు మీలో ఎవరు చెప్తారు?" అని అడిగేది. ఎప్పుడూ లేచేది మైమూనే. పాఠంలో ఉన్నదాన్ని తన మాటల్లో చెప్పేది. మధ్యలో తనకు తోచినదీ కొంచెం కలిపేది. టీచరమ్మకు అది తెలిసినా నవ్వి ఊరుకునేది.

అయిదో తరగతితో ఆ బడి అయిపోయింది. ఆపైన చదవాలంటే ఊరవతల హైస్కూలుకు పోవాలి. మగపిల్లలతో కలిసి, తెలుగులో. నూరుల్లా వద్దన్నాడు. ఖమర్‌బీ ఒకరోజు వాళ్ళింటికి వచ్చింది. నులక మంచం మీద కూర్చుని టీ తాగింది. పిల్ల తెలివైనదనీ, తనే రోజూ వెంట పంపించే ఏర్పాటు చేస్తాననీ చెప్పింది. నూరుల్లా ఎంతో మర్యాదగా విని, చూద్దాం అన్నాడు. ఆమె వెళ్ళిపోయాక ఆ మాట ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మైమూన్ కొన్నాళ్ళు ఎదురుచూసింది. తర్వాత కుట్టుపని నేర్చుకుంది. పదహారేళ్ళకు పెళ్ళయి జమ్మలమడుగు వచ్చింది. వీధిలో అందరికీ రవికలు కుడుతూ, మగ్గాల వాళ్ళతో రెడ్ల ఇళ్ళవాళ్ళతో మాట్లాడుతూ, తెలుగు వాళ్ళకంటే గడగడా మాట్లాడటం నేర్చింది. చదవడం మాత్రం రాలేదు.

టీవీ వచ్చిన కొత్తలో వీధి వీధంతా వసారాలో చేరింది. బొమ్మలు చూసి సంబరపడ్డారు గానీ, వచ్చే కార్యక్రమాలన్నీ ఢిల్లీవి, హిందీలో. కొద్దిరోజులకు ఒక్కొక్కరే మానేశారు. అప్పుడు గురువారం సాయంత్రాలు ఒక సీరియల్ మొదలైంది. ఉత్తరదేశంలో ఏదో చిన్న ఊరు, ఆ ఊళ్ళో ఒక బడి, దానికి కొత్తగా వచ్చిన పెద్ద టీచరమ్మ. వారానికో చిక్కు వచ్చేది. ఒక వారం ఒక పిల్లవాడిని మిగతా పిల్లలు నీళ్ళ కుండ ముట్టనివ్వరు. ఒక వారం కుంటి పిల్లను ఆటల్లో చేర్చుకోరు. ఇంకో వారం ఒక అయ్యవారు బడికి రాకుండా బయట ట్యూషన్లు చెప్పుకుంటుంటాడు. పెద్ద టీచరమ్మ కొన్నిసార్లు గెలిచేది, కొన్నిసార్లు ఓడిపోయేది.

మొదటి వారం చూస్తూ చూస్తూ మైమూన్, పక్కన కూర్చున్న భారతమ్మకు నాలుగు మాటలు చెప్పింది. భారతమ్మ భర్త నారాయణ మగ్గం నేస్తాడు. వాళ్ళది మైమూన్ ఇంటికి ఎదురిల్లే. వెనక కూర్చున్నవాళ్ళు గట్టిగా చెప్పమన్నారు. అలా మొదలైంది. పై వారానికి వసారా మళ్ళీ నిండింది. మైమూన్ మాటకు మాట తిప్పి చెప్పేది కాదు. కాసేపు విని, ఊపిరి పీల్చుకునే సందు దొరకగానే అంతా కలిపి చెప్పేది. ఆ ఊరి పేరు ఎవరి నోటా తిరగదని, పిల్లలు బస్సు ఎక్కితే కొండాపురం బస్సు ఎక్కినారనేది. సంత అంటే మన ఆదివారం సంత మాదిరి అనేది. వింటున్నవాళ్ళకు ఆ బడి పెన్న దాటగానే ఉన్నట్టుండేది.

చాంద్‌బీకి ఇది నచ్చలేదు. కోడలు టీవీ కంటే గట్టిగా మాట్లాడుతుందని ఆమె గొణుక్కునేది. అయినా గురువారం వస్తే తలుపు పక్కన గోడకు ఆనుకుని తన చోటు ముందే పట్టేది.

వీధి మొదట్లో మేడ ఉన్న ఆదినారాయణ రెడ్డి భార్య పద్మావతమ్మ కూడా రావడం మొదలుపెట్టింది. వాళ్ళకు కొండాపురం వైపు శనగకాయ పండే భూములున్నాయి. టీవీ కొనగలరు. పెద్దకొడుకు పదో తరగతి గట్టెక్కేదాకా ఇంట్లోకి అది రాకూడదని రెడ్డి పట్టుబట్టాడు. అంతకు ముందు పద్మావతమ్మ రవిక గుడ్డలు పనిమనిషితో పంపేది. ఇప్పుడు కొలత సరిచూసుకునే నెపంతో గురువారమే వచ్చేది. ఆమె కోసం మైమూన్ కుర్చీ వేసేది. మొదట్లో ఆమె ఇంటినుంచి ఒక చెంబులో నీళ్ళు తెచ్చుకునేది. కొన్ని వారాలకు తేవడం మానేసింది. ఎప్పటినుంచి మానేసిందో ఎవరూ గమనించలేదు.

పద్మావతమ్మ రాకతో ఇంకో మేలు జరిగింది. ఢిల్లీవాళ్ళ హిందీ మైమూన్‌కు పూర్తిగా అర్థమయ్యేది కాదు. ఇంట్లో మాట్లాడే ఉర్దూ వేరు. పరీక్షా, అన్యాయ్, సమాజ్ లాంటి మాటలు వస్తే ఆమె ఆగిపోయేది. అవన్నీ తెలుగు మాటలే గదా అని పద్మావతమ్మ అందుకునేది. ఇద్దరూ కలిస్తే సీరియల్ మొత్తం తెలిసిపోయేది. ఒక్కోసారి బోల్తాపడేవాళ్ళు. పెద్ద టీచరమ్మ పిల్లల ముందు నిలబడి, శిక్షా అందరి అధికార్ అని ఏదో అంది. అందరికీ శిక్ష వేసే అధికారం తనకు ఉందంటోందని పద్మావతమ్మ చెప్పింది. ఆడవాళ్ళంతా ఆ పిల్లల మీద జాలిపడ్డారు. టీచరమ్మ ముఖం చూస్తే శిక్ష వేసేదానిలా లేదే అని మైమూన్‌కు అనుమానం. చాలా వారాల తర్వాత, బడిలో గంట కొట్టే ముసలాయన అదే సంగతిని తాలీమ్ అన్నప్పుడు ఆమెకు వెలిగింది. అంటే చదువు. ఆ దేశంలో చదువును శిక్ష అంటారంట అని చెబితే, మా పెద్దోణ్ణి అడిగితే వాడూ ఆ మాటే చెప్తాడని పద్మావతమ్మ అంది. ఆ నవ్వుల్లో సీరియల్ చివరి ముక్క ఎవరికీ వినపడలేదు.

భారతమ్మ తన రెండో కూతురు చౌడేశ్వరిని వెంట తెచ్చేది. ఆ పిల్లకు పదమూడేళ్ళు. ఏడో తరగతి మంచి మార్కులతో పాసై ఎనిమిదిలో చేరింది. ఆ ఏడాదే పెద్దకూతురికి పెళ్ళయి ధర్మవరం వెళ్ళిపోయింది. అంతవరకూ నారాయణకు నాడెలో పెట్టే నూలు కండెలు రాట్నం మీద చుట్టి ఇచ్చింది ఆ పెద్దపిల్లే. ఆమె పోగానే మగ్గం కుంటుపడింది. భారతమ్మ ఇంటిపని, పడుగు పని చూసుకోవాలి. దాంతో చౌడేశ్వరి బడి మాని రాట్నం ముందు కూర్చుంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. నాలుగు రోజులని ఆపారు, అది నాలుగు నెలలైంది. టీవీలో పిల్లలు లేచి పద్యం ఒప్పజెప్పే చోట ఆ పిల్ల పెదవులు కదలడం మైమూన్ చూసింది.

అలా ఉండగా సీరియల్లో కమ్లీ అనే పిల్ల వచ్చింది. వీధివాళ్ళు ఆమెను కమలమ్మ అన్నారు. కమలమ్మకు తల్లి లేదు. అవ్వతో కలిసి ఇంట్లో ఊదుబత్తులు చుడుతుంది. పని ఎక్కువై బడికి రావడం మానేసింది. మొదటి వారం అంతా ఆమె ఖాళీ చోటు చూపించారు. రెండో వారం పెద్ద టీచరమ్మ ఆమె ఇల్లు వెతుక్కుంటూ బయలుదేరింది. ఆ వారం వసారాలో ఎవరూ దగ్గను కూడా లేదు. భారతమ్మ కూతురి వైపు చూడకుండా తెర వైపే చూస్తూ కూర్చుంది. టీచరమ్మ సందులన్నీ తిరిగి, ఒక తలుపు కొట్టింది. అవ్వ తలుపు తీసింది. కమలమ్మ లోపల ఊదుబత్తుల మధ్య నుంచి తలెత్తింది. టీచరమ్మ నోరు తెరిచింది.

కరెంటు పోయింది.

చాలాసేపు కూర్చున్నారు. లాంతరు వెలిగించారు. మగవాళ్ళు అన్నాలకు పిలవడంతో ఒక్కొక్కరే లేచారు. పద్మావతమ్మ కరెంటు ఆఫీసు వాళ్ళను ఇంటిపేర్లతో సహా తిట్టుకుంటూ వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు కమాల్ బాషా ప్రొద్దుటూరు నుంచి వచ్చాడు. మైమూన్ కొడుకులకు కుట్టిన చొక్కాలు తీసుకుపోవడానికి. మైమూన్ టీ ఇస్తూ, అక్కడ కరెంటు ఉండిందా అని మొదట అదే అడిగింది.

"ఉండింది. జూసినాం గదా," అన్నాడు కమాల్ బాషా. "ఆ ముసల్ది తలుపేసేసింది. ఆయమ్మ కొంచేపు ఆడే నిలబడి ఎలబారిపాయ. అంతే."

"ఏం మాట్లాడలేదా?"

"ఏం మాట్లాడతాది? తలుపేసినాక."

అతను చొక్కాలు తీసుకుని వెళ్ళాడు. మైమూన్ బిందె పట్టుకుని వీధి కొళాయి దగ్గరికి నడిచింది. పులివెందుల ఇంట్లో ఖమర్‌బీ టీ తాగి, గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకున్న చప్పుడు ఆమెకు చెవిలో వినిపించినట్టయింది. నాన్న తలుపు వేయలేదు. మర్యాదగా వాకిలి దాకా సాగనంపాడు. జరిగింది మాత్రం అదే.

కొళాయి దగ్గర భారతమ్మ ఉంది. కాస్త అవతల చౌడేశ్వరి తడి నూలు చిలపలు భుజాన వేసుకుని ఇంటికి మోస్తోంది. ఆ పిల్ల పోయేదాకా ఆగి భారతమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"మీ తమ్ముడు వచ్చినట్టుండాడే. ఆడ కరెంటు పోలేదంటనా? కమలమ్మ కత ఏమాయె?"

మైమూన్ బిందె కొళాయి కింద పెట్టింది. నిజం నోటిదాకా వచ్చి ఆగింది.

"బడికి పోయింది," అంది.

ఇక ఆపలేకపోయింది. టీచరమ్మ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదనీ, లోపలికి పోయి కమలమ్మ పక్కన చతికిలబడి తనూ ఊదుబత్తులు చుట్టిందనీ చెప్పింది. ఆమె చుట్టినవన్నీ వంకరగా వచ్చేసరికి అవ్వ పళ్ళులేని నోటితో నవ్విందట. ఈ పని నీకు రాదు, వచ్చేదాన్ని నువ్వు తీసకపోతానంటావు, నేనెట్ల బతికేదని అడిగిందట. పొద్దున పూట, సాయంత్రం పూట పిల్ల నీదే, నడుమ బడి ఉన్నంతసేపు మాత్రం నాకియ్యి అని టీచరమ్మ అందట. అవ్వ ఇంకా ఆలోచిస్తూంటే పక్కింటి ఆడవాళ్ళు వచ్చి, మధ్యాహ్నం మేం ఊరికే కూర్చునేవాళ్ళమే, తలా ఒక కట్ట ఇటు పడెయ్యమన్నారట. అవ్వే కమలమ్మకు తల దువ్వి పంపిందట.

బిందె నిండి నీళ్ళు పొర్లిపోయాయి. భారతమ్మ తన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆరోజు ఎదురింట్లో మగ్గం చాలాసేపు ఆగింది. నారాయణ గొంతు, భారతమ్మ గొంతు వినిపించాయి. నారాయణ చెడ్డవాడు కాదు. కండె లేకుంటే నేనేం నేసేది అనేది ఆయన మాట, అందులో అబద్ధమేమీ లేదు. పొద్దు వాలేవేళ భారతమ్మ మైమూన్ వాకిట్లోకి వచ్చి నిలబడింది. పొద్దున, సాయంత్రం పిల్ల చుడుతుంది, అయినా మధ్యాహ్నానికి తక్కువ పడతాయట. అవి ఎవరైనా చుడితే పంపుతానని భర్త ఒప్పుకున్నాడట.

"ఇరుగుపొరుగోళ్ళు తలా ఒక కట్ట తీస్కున్నారని నువ్వే చెప్తివి గదక్కా," అంది. "ఆ మాట నేను ఆయనకు చెప్పినా."

మైమూన్‌కు మిషను మీద కుట్టాల్సిన రవికలు కుప్పగా ఉన్నాయి. కండె చుట్టడం ఏనాడూ చేయలేదు. తను కల్పించిన ఆడవాళ్ళంత తేలిగ్గా తను మాట ఇవ్వలేకపోయింది. అంతలో గోడ పక్కనుంచి చాంద్‌బీ గొంతు వచ్చింది.

"రాట్నం తెచ్చి ఈడ పెట్టు. నా చేతులేమన్నా పడిపోయినాయా? ఊరికే కూచోని కూచోని కాళ్ళు మొద్దుబారుతాండాయి."

కోడలి వైపు ఆమె చూడను కూడా లేదు. మర్నాడే రాట్నం వచ్చింది. చాంద్‌బీ చుట్టిన మొదటి కండెలు వదులుగా ఉన్నాయని నారాయణ తిప్పి పంపాడు. ఆమె నారాయణ తండ్రి కాలం నుంచి వాళ్ళింటి పనితనాన్ని తిట్టి, మళ్ళీ చుట్టింది. మధ్యాహ్నాలు ఖాళీగా ఉన్న ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చి చేయి వేశారు.

చౌడేశ్వరిని మళ్ళీ చేర్పించడానికి బడికి ఎవరు పోవాలనే మాట వచ్చింది. పెద్దవాళ్ళతో మాట్లాడాలంటే నాకు నోరు రాదని భారతమ్మ మైమూన్‌ను లాక్కుపోయింది. పులివెందుల ఉర్దూ బడి వదిలిన తర్వాత మైమూన్ బడి గడప తొక్కడం అదే. దారంతా ఏం చెప్పాలో సిద్ధం చేసుకుంది. పిల్ల తెలివిని గురించి, అవ్వల కాలం నుంచీ ఆడవాళ్ళకు జరిగిన అన్యాయం గురించి, సీరియల్లో టీచరమ్మ మాట్లాడేలా మాట్లాడాలనుకుంది.

అసలు హెడ్‌మిస్ట్రెస్ నెల్లూరు వైపు మనిషి. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ రిజిస్టరులో సంతకాలు పెడుతోంది. మైమూన్ మొదలుపెట్టిన రెండో మాటకే చేయి ఎత్తి ఆపింది. పిల్ల పేరు, తరగతి అడిగింది. ఎందుకు మానిపించారని అడగలేదు. పోయిన పాఠాలు సాయంత్రాలు ఎవరి దగ్గర నోట్సు చూసి రాసుకోవాలో చౌడేశ్వరికే చెప్పింది. సోమవారం నుంచి పంపుతామని భారతమ్మ అంది.

"సోమవారం కాదమ్మా. ఇప్పుడే కూర్చోబెట్టి వెళ్ళండి," అంది హెడ్‌మిస్ట్రెస్. "ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు. నేను చాలామందిని చూశాను."

సంచి లేదు, పుస్తకం లేదు. చౌడేశ్వరి పాత లంగా మీదే క్లాసులోకి పోయింది. వెనక బెంచీలో ఇద్దరు పిల్లలు జరిగి చోటిచ్చారు. భారతమ్మ పని ఉందని వెళ్ళిపోయింది. మైమూన్ మాత్రం కిటికీకి కొంచెం పక్కగా, గంట కొట్టేదాకా నిలబడే ఉంది. లోపల ఏదో భూగోళం పాఠం. ఆమెకు సగం తెలియలేదు. కానీ టీచరు ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఎవరు లేస్తారో అని మెడ చాచి చూసింది.

గురువారం వచ్చింది. ఆ వారం కథ వేరే పిల్లవాడిది. మైమూన్ ఊపిరి పీల్చుకుని చెప్పుకుంటూ పోయింది. సగం అయ్యాక పెద్ద టీచరమ్మ హాజరు పట్టీ ముందు పెట్టుకుని ఒక పేరు మీద గీత గీసింది. పక్కనున్న అయ్యవారు ఏదో అడిగాడు. "కమ్లీ నహీ ఆయేగీ," అంది ఆమె.

నహీ అంటే ఏమిటో ఆ పాటికి వీధిలో అందరికీ తెలుసు. తలలన్నీ మైమూన్ వైపు తిరిగాయి. ఏదో ఒకటి చెప్పి దాటెయ్యొచ్చు. వేరే కమ్లీ అనొచ్చు. అయితే చౌడేశ్వరి కూడా చూస్తోంది, ఒళ్ళో కొత్త పుస్తకంతో.

"కమలమ్మ బడికి రాలేదు," అంది మైమూన్. "ఆ పొద్దే వాళ్ళవ్వ తలుపేసేసింది. మా తమ్ముడు నాకు చెప్పినాడు. నేను మీకు వేరేది చెప్పినా."

"అట్లెందుకు చెప్తివి మే?" అని అడిగింది పద్మావతమ్మ. కోపంగా కాదు, అర్థంకాక.

"ఆ తలుపేసింది నాకు బాగలేదమ్మా."

టీవీలో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. ఎవరూ వినడం లేదు. భారతమ్మ ముఖం ఎర్రబడింది.

"నేను మా ఇంటాయనతో కొట్లాడినా మైమూనక్కా. ఊదుబత్తులు చుట్టుకునే ముసల్దానికుండే మనసు మనకు ల్యాకపాయనే అని నోటికొచ్చినట్టు మాట్లాడినా. అదంతా లేనిదా?"

భారతమ్మ కూతురి చేయి పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. సీరియల్ అయ్యేదాకా కూడా ఎవరూ ఉండలేదు. చాంద్‌బీ మాత్రం ఉన్నచోటనే కూర్చుని, "అబద్ధమే చెప్పేదానివి, అవ్వకు పండ్లన్నా ఉన్నాయని చెప్పకపోతివా," అంది. ఆమె నవ్వించాలని అందో, దెప్పాలని అందో మైమూన్‌కు తెలియలేదు.

మర్నాడు కొళాయి దగ్గరికి పోవడానికి మైమూన్‌కు కాళ్ళు రాలేదు. ఇంట్లో నీళ్ళు అయిపోయాయి కాబట్టి పోయింది. భారతమ్మ అప్పటికే అక్కడుంది.

"రాత్రి ఆయనకు చెప్పేసినా," అంది భారతమ్మ. "మైమూనక్క చెప్పింది టీవీలో లేదంట, ఆమె సొంతమంట అని."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. పడుగు సగానికొచ్చింది, ఇప్పుడు పిల్లను ఆపితే ముసలామెకు కోపమొస్తాది, కండెలు ఎవరు చుడతారు అన్యాడు." భారతమ్మ బిందె నడుముకెత్తుకుంది. "ఆ టీవీ అవ్వ తలుపేసుకుంటే ఏసుకోనీ. మాకు తలుపేసుకునేది యాడ కుదురుతాది? మగ్గం ఉండే ఇంటికి వెలుతురు రావాల గదా. నీ మింద కోపం మాత్రం పోలేదు. సాయంత్రానికి కండెలు పంపియ్యి."

ఆమె మలుపు తిరిగేసరికి ఎదురింట్లోంచి చౌడేశ్వరి బయటికి వచ్చింది. రెండు జడలు, భుజాన గుడ్డసంచి. కొళాయి పక్కనుంచి పోతూ, పోయొస్తా అత్తా అని మైమూన్‌తో చెప్పి బడి వైపు నడిచింది.

భారతమ్మ కోపం ఎన్నాళ్ళుందో చెప్పడం కష్టం. పై గురువారం రాలేదు. ఆ తర్వాతి గురువారం వచ్చి తన చోట్లో కూర్చుంది. ఆమె అడిగిందల్లా ఒకటే: ఇకమీదట ఏది టీవీదో ఏది నీదో ముందే చెప్పు. మైమూన్ ఒప్పుకుంది. అది ఇంకా రసవత్తరంగా తయారైంది. ప్రతి వారం కథ అయ్యాక, ఇది వాళ్ళది, ఇప్పుడు నీది చెప్పమని ఆడవాళ్ళు అడగసాగారు. పద్మావతమ్మ తన మాట కూడా కలిపేది. ట్యూషన్ల అయ్యవారికి వాళ్ళందరూ కలిసి వేసిన శిక్ష ఆ సీరియల్ రాసినవాళ్ళకు తోచేది కాదు.

కొన్నాళ్ళకు ఆ సీరియల్ అయిపోయింది. రాజులూ కిరీటాలూ ఉన్న ఇంకొకటి వచ్చింది. ఆదినారాయణ రెడ్డి కొడుకు పదో తరగతి పాసయ్యాడు, మేడలోకీ టీవీ వచ్చింది. పద్మావతమ్మ కొన్ని వారాలు ఇంట్లోనే చూసింది. చెప్పేవాళ్ళూ లేరు, పక్కన నవ్వేవాళ్ళూ లేరు. మళ్ళీ మైమూన్ వసారాలో కనిపించింది.

కమలమ్మ కథ మాత్రం ఆగలేదు. మధ్యాహ్నాలు చాంద్‌బీ రాట్నం తిప్పుతూంటే, మైమూన్ మిషను తొక్కుతూ చెప్పేది. అందరికీ తెలుసు అది ఆమె సొంతమని. కమలమ్మ అవ్వ మళ్ళీ తలుపు తీసింది. కమలమ్మ బడికి పోయింది, లెక్కల్లో తప్పింది, ఏడ్చింది, మళ్ళీ రాసింది. ఆ లెక్కల సంగతులన్నీ చౌడేశ్వరి చెబితే తెలిసినవే. చౌడేశ్వరి సాయంత్రం బడినుంచి వచ్చి చాంద్‌బీ పక్కన రెండో రాట్నం ముందు కూర్చునేది. పాఠం చెబుతూ చుట్టేది. ఆ పిల్ల పాత పలక మీద మైమూన్ తెలుగు అక్షరాలు కూడా దిద్దింది. గుణింతాల దాకా వచ్చి, కళ్ళు నొప్పులని ఆపేసింది. మళ్ళీ ఆమెకే ఉండబట్టక మొదలుపెట్టింది. బస్సు మీద ఊరి పేరు, కుట్టడానికి వచ్చిన గుడ్డ చుట్టిన పేపరు మీద పెద్ద అక్షరాలు చదవగలిగేంత వచ్చింది.

చౌడేశ్వరి పదో తరగతి సెకండు క్లాసులో పాసైంది. ఆ ఏడాది నారాయణ మగ్గం పక్కన మేనల్లుడొకడు రెండో మగ్గం వేశాడు. అతని భార్య కండెల పని అందుకుంది. చౌడేశ్వరి ఇంటర్మీడియట్‌కు రోజూ బస్సులో ప్రొద్దుటూరు పోయి వచ్చేది. మొదటిరోజు నారాయణ బస్టాండు దాకా వచ్చి, కండక్టరుకు పిల్లను అప్పజెప్పి, బస్సు కదిలేదాకా కిందనే నిలబడ్డాడు.

ఆరోజు సాయంత్రం వసారా నిండింది. టీవీ పెట్టలేదు. చౌడేశ్వరి కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంది. కాలేజీ ఎంత పెద్దదో, క్లాసులో ఎవరెవరున్నారో, ఇంగ్లీషు చెప్పే మేడమ్ ఎట్లాంటి చీర కట్టుకుందో చెప్పడం మొదలుపెట్టింది. అది ఏం రంగు చీర అని పద్మావతమ్మ అడిగింది. నిన్ను ఏమన్నా అడిగినారా, నువ్వేం చెప్తివి అని భారతమ్మ అడిగింది. మైమూన్ మిషను ఆపి, గుడ్డ మడిచి పక్కన పెట్టి, మిగతావాళ్ళతో పాటు కిందికి వచ్చి కూర్చుంది.